మైనం పోయని గిటార్

గోపన్‌పల్లి,
8 నవంబర్ 2025.

గౌరవనీయులైన దినేష్ అన్నకు,

హరిత నమస్కరించి రాస్తున్నది. మీరూ వదినా కులాసా అని తలుస్తాను. ఇక్కడ నేనూ, మా అత్తమ్మ సరోజమ్మా బాగున్నామని రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఈ సంగతి వాట్సాప్‌లో చెబితే మీరు ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటారు. అందుకే కాగితం మీద రాసి మా వాచ్‌మన్ ఐలయ్య చేత పంపుతున్నాను.

మీ మెసేజ్ చూశాను. మా ఆయన ప్రశాంత్ పోయి ఏడాది కావస్తోందని, ఆఫీసు బ్యాండు వాళ్లంతా కలిసి మాదాపూర్‌లో తన పేరు మీద ప్రోగ్రాం పెడుతున్నారని రాశారు. ఆదివారం వచ్చి తన గిటార్ తీసుకెళ్లి, రొద రాకుండా కొత్త పికప్‌లు వేయించి వాయిస్తామన్నారు. మీ మనసు మంచిదే. కానీ గిటార్ ఇవ్వలేను. ఎందుకో చెబుతాను, కోపం తెచ్చుకోకండి.

అసలు దాన్ని మా ఇంటికి చేర్చిన మహానుభావులు మీరే. కొత్తదే, కానీ డెబ్బై ఏళ్ల కిందటి నమూనా అట. ఫ్యాక్టరీలోనే రంగు గోకి, గీతలు పెట్టి, పాతదానిలా చేసి మరీ అమ్ముతారట. అట్టపెట్టె విప్పిన రోజు అత్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గీతలు పడిన సామాను నీకు అంటగట్టినారు గదరా, పోయి వాపసు ఇచ్చి రాపో అని కడప యాసలో కేకలేసింది. ప్రశాంత్ కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత ఆయుధ పూజకు దానికి గంధం, కుంకుమ పెట్టింది మాత్రం ఆమే. ఆ బొట్టు తనూ తుడవలేదు, నేనూ తుడవలేదు.

నాకు దానితో మొదటినుంచీ పడలేదు. నిద్రపోయిన పిల్లను ఎత్తుకున్నంత బరువు. మెడ లావు. ఒక పాట పూర్తయ్యేలోపే శ్రుతి దిగిపోయేది. లైటు వేస్తే రొద, ఫ్రిజ్ ఆన్ అయితే రొద. ఆ రొద ఎటు తిరిగితే తగ్గుతుందా అని తను హాలంతా గుండ్రంగా తిరిగేవాడు. చివరికి బాల్కనీ వైపు మొహం పెట్టి వాయించేవాడు. అయినా నిజం చెప్పాలి కదా. ఒక్క తీగ మీటితే అందులో మనిషి గొంతులో ఉండే జీర పలికేది. కొత్త రకాలు శుభ్రంగా మోగుతాయి, ఇది మాట్లాడుతుంది అనేవాడు. మీరే ఒకసారి వివరించారు, పాత పద్ధతిలో తీగల కింద బిగించే పికప్‌లకు మైనం పోయరని, అందుకే దగ్గర నిలబడి మాట్లాడితే ఆ మాటను కూడా పట్టుకుని ఆంప్ పెట్టెలోంచి వినిపిస్తాయని.

అదే మా కొంప మీదికి వచ్చింది. తను పోయిన కొత్తలో ఒక సాయంత్రం అత్తమ్మ దీపం పెట్టి, గిటార్‌ను ఆంప్‌కు తగిలించమంది. రొద మొదలవగానే, వాడు ఊపిరి తీస్తాండాడు చూడమ్మీ అంది. ఆమె గిటార్ మీదికి వంగి, తిన్నావా నాయనా అని అడిగింది. పెట్టెలోంచి తిన్నావా అని తిరిగి వచ్చింది. అది ఆమె గొంతే. ఆమెకు చెవులు సరిగ్గా వినపడవు, కొడుకే అడిగాడనుకుంది. ఇంకా లేదు నాయనా, తింటాలే అని చెప్పి కంచం ముందు కూర్చుంది. కొడుకు పోయాక ఆమె కడుపు నిండా తిన్నది ఆ రోజే.

ఇక అదే వరస అయింది. అడిగితేనే తింటుంది. కరెంటు పోయిన రోజు పస్తు. ఇంకా చిక్కిపోతే ఆస్పత్రిలో చేర్చాల్సిందేనని డాక్టరు నా మీద కోప్పడ్డారు. గిటార్ మీరు పట్టుకెళ్తే ప్రోగ్రాం బ్రహ్మాండంగా జరుగుతుంది, ఇక్కడ ఆమె కంచం అలాగే ఉంటుంది. ఒకరిని పోగొట్టుకున్నాను అన్నా, చాలు. రెండో మనిషిని పోగొట్టుకునే ఓపిక నాకు లేదు.

స్టేజీ మీద తన ఫొటో పెట్టండి, మీ దగ్గరున్న రికార్డింగులు వినిపించండి. వదినను అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ చెల్లెలు
హరిత

తా.క.: పైన అంతా రాశాను గానీ, ఆ గిటార్ ఇప్పుడు మాటను పట్టుకోదు. అది కీచుమని అరుస్తోందని పక్క ఫ్లాటు వాళ్లు గొడవ చేస్తే, ఈ పిచ్చి కూడా దీంతో వదిలిపోతుందిలే అనుకుని వేసవిలోనే మూసాపేటలో ఒక షాపుకు తీసుకెళ్లి పికప్‌లకు మైనం పోయించాను. అత్తమ్మ మళ్లీ ముద్ద ముట్టడం మానేసింది. హడలిపోయి, ప్రశాంత్ పాడే మైకును అదే ఆంప్‌కు తగిలించి, పడగ్గది తలుపు వెనక నుంచి గొంతు మార్చి, అమ్మా తిన్నావా అని రోజూ నేనే అడుగుతున్నాను.

మొన్న బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను. మైకు నా బీరువాలో ఉంది, తాళం నా బ్యాగులో ఉంది. పస్తుంటుందని ఏడుస్తూ ఇంటికొస్తే, అత్తమ్మ తినేసి చెయ్యి కడుక్కుంటోంది. ఎవరడిగారు అత్తమ్మా అన్నాను. రోజూ అడిగేది నువ్వేనని నాకు తెలుసులే అమ్మీ, నువ్వు బాధపడతావని తింటాంటి, ఈపొద్దు మాత్రం వాడే అడిగినాడు అంది.

అప్పటినుంచి సాయంత్రమైతే నేనూ ఆ పెట్టె ముందు కూర్చుంటున్నాను అన్నా. నన్ను మాత్రం ఇంకా పిలవలేదు.