అమ్మ కొంగు మీది సిరా

తిరుమలగిరి అక్కకు దండాలు.

నువ్వు, బావ, పిల్లలు బాగున్నారనుకుంటాను. సూరత్‌లో మేం బాగానే ఉన్నాం, ఫికర్ చెయ్యకు. ఫోన్ చేస్తే ఇద్దరం ఏడుపుతోనే సరిపెడుతున్నాం. అందుకే అమ్మ చీర మడతలో ఈ ఉత్తరం పెట్టి పంపుతున్నాను.

ఇక్కడ ముసురు పట్టింది. మగ్గాల మోతకు మీ మరిదికి చెవులు సరిగా వినిపించడం లేదు. నేను గోదాములో కొత్త చీరల మరకలు తీసే పనిలోనే ఉన్నాను. తెలుగులో ఒక మాట మాట్లాడాలంటే సాయంత్రం ఆయన వచ్చేదాకా ఆగాలి. అయినా బాగానే ఉన్నాం.

అమ్మ చీర నాకు పంపుతూ, "గా సిరా మరక తీసెయ్యి చెల్లె, చూస్తాంటె నా పానం పోతాంది" అన్నావు. నిమ్మకాయ రుద్ది వేడినీళ్లు పోశావు కదా, అందుకే అది చుట్టూ పాకింది. పాలిస్టర్‌కు వేడి తగిలితే సిరా ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. నయం, ఇస్త్రీ చెయ్యలేదు.

ఎక్కడ వేలిముద్ర వేసినా అమ్మ ఆ వేలిని నెత్తికి రుద్దుకునేది. దవాఖానలో తలకు ఆపరేషన్ అని గుండు చేశారు. ఆమె వేలు పట్టి ఒప్పుకోలు కాగితం మీద ఒత్తించింది నువ్వు. అలవాటుగా చెయ్యి తలకు పోతే, "రాసుకుందామంటె ఎంటికలే లేకపాయె బిడ్డా" అని నవ్వి కొంగుకు తుడుచుకుందని నువ్వే చెప్పావు. ఆపరేషన్ తర్వాత కళ్లు తెరవనే లేదు. నేను రైలు దిగి వచ్చేసరికి బూడిదే మిగిలింది.

మొన్న సెలవునాడు పొయ్యి ఆర్పి, కిటికీ తెరిచి కూర్చున్నాను. కొంగు కింద తెల్లగుడ్డ పరిచి, దూదితో స్పిరిట్ అద్దాను. రుద్దకూడదు, అంచు నుంచి నడిమికి అద్దుతూ రావాలి. మీ మరిది చూసి, "అత్త గుర్తు గదా, ఉండనియ్యరాదు" అన్నాడు. నా చెయ్యి ఆగిపోయింది. నాకూ తీయాలని లేదు. కానీ రోజూ దాన్ని చూసి కుమిలేది నువ్వు. మళ్లీ అద్దాను. పోయింది. చల్లనీళ్లలో సబ్బుతో ఉతికి నీడకు ఆరేశాను.

అక్కా, వేలు పట్టింది నువ్వే కానీ అమ్మను చంపింది నువ్వు కాదు. ఆపరేషన్ చేయిద్దామని ఫోన్‌లో నేనూ అన్నాను. పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు ఈ చీరే కట్టుకో.

వీలైతే చింతకాయ తొక్కు పంపు. పెద్దనాయనకు, పెద్దమ్మకు మా దండాలు చెప్పు, మమ్మల్ని దీవించమను.

కింద పరిచిన గుడ్డలోకి సిరా అంతా దిగింది. వేలి గీతలేవీ లేవు, ఉత్త నీలి మచ్చ. ఆ గుడ్డ మాత్రం ఉతకలేదు. అది నా దగ్గరే ఉంటుంది, నీకు చూపించను.

నీ చెల్లె,
సుజాత