కళ్లం గట్టున చెప్పులు

మార్చి 11, మంగళవారం

మధ్యాహ్నమంతా ఫోన్‌లో బాబాయి అరికాళ్లు చల్లగా, ఏ ఒత్తిడీ లేకుండా కనిపించాయి. షుగరుతో ఆయన పాదాలకు స్పర్శ పోయిందనే కదా, వేడినీ ఒత్తిడినీ పసిగట్టి నా ఫోన్‌కు పంపే ఎలక్ట్రానిక్ చర్మాన్ని చెప్పుల్లో అంటించాను. పనిచేస్తోందని ల్యాబ్‌లో అందరికీ చూపించి మురిసిపోయాను కూడా.

సాయంత్రం బాబాయి ఊరు దర్శి వెళ్లి చూస్తే కుడి అరికాల్లో రూపాయంత బొబ్బ. చెప్పులు మాత్రం మిరప కళ్లం గట్టున, గోతాల నీడలో హాయిగా ఉన్నాయి.

"ఎందుకు విప్పావు బాబాయ్?" అని అరిచాను.

"పంట మీద చెప్పులేసుకు తిరుగుతామా ఏంటే?" అన్నాడు.

చిన్నప్పుడు నేనూ ఆ గట్టునే చెప్పులు విడిచేదాన్ని. ల్యాబ్‌లో కూర్చుని అది ఎలా మర్చిపోయాను?

తప్పు ఆయనది కాదు. ఒంటితోపాటు సాగే చర్మాన్ని తయారుచేసి, తీసుకెళ్లి చెప్పుకు అంటించిన నాది. కుడికాలికి కట్టు కట్టించాను. రేపు పొద్దున్నే ఎడమ అరికాలికి నేరుగా అంటిస్తాను. చెమటకీ మట్టికీ ఊడిపోతుందేమో... ఊడితే మళ్లీ అంటిస్తాను. కాయ ఆరడానికి ఇంకా నాలుగు రోజులు పడుతుందట. అప్పటిదాకా కళ్లం వదలనన్నాడు.

నేనూ వదలను.