నాకేమీ వద్దు, ఆ కొమ్ముబూర తప్ప

ఎలూల్ నెల (ఏడాదిలో ఆఖరిది), ఆదివారం, ఉదయం 7.
ఇవాళ సఫేద్ ఊరు మొత్తంలో నా అంత హుషారైనవాడు లేడు! మా యూదుల గూఢవిద్య కబ్బాలా పాఠంలో గురువు రబ్బీ బెనాయా అన్నారు: "సృష్టికర్తను ఊరికే కొలవండి. ప్రతిఫలం అడక్కండి. స్వర్గం కూడా అడక్కండి." ఆ తర్వాత అసలు మాట: "కొత్త సంవత్సరం నాడు పొట్టేలు కొమ్ముబూర ఊదేది, దాని మీద ఆశ లేనివాడే."
ఆ బూర కోసం ఏళ్ళ తరబడి చస్తున్నాను. ఇవాళ్టి నుంచి ఆశ బంద్. అదెంత పని!

సోమవారం.
అందరికంటే ముందు వెళ్ళి ప్రార్థనా మందిరం వాకిలి ఊడ్చాను. ఎవరూ చూడలేదు. (చుట్టూ తిరిగి మరీ చూసుకున్నాను.) ఏమీ కోరలేదు. అబ్బ, ఎంత హాయి!

మంగళవారం.
మళ్ళీ ఊడ్చాను. చేతులు కడుక్కుని వచ్చేసరికి నా చీపురు పక్కన చేపల ఒవాడియా ఆవలిస్తూ నిలబడ్డాడు. రబ్బీ వాడి భుజం తట్టి, "భలే పని చేశావు నాయనా!" అన్నారు. వెధవ, కాదనలేదు! నేను నవ్వాను. దవడ ఇంకా నొప్పిగానే ఉంది.

బుధవారం.
గట్టిగా ప్రార్థించాను: "స్వామీ, నాకేమీ వద్దు. వద్దన్న సంగతి నీకు తెలిస్తే చాలు. వీలైతే రబ్బీకి కూడా తెలియనీ."
వంటింట్లోంచి మా ఆవిడ జోహరా: "ఏమీ వద్దనడానికి అంత అరుపెందుకయ్యా? పక్కింటివాళ్ళు నీకేదో కావాలనుకుంటారు!"

గురువారం. సర్వనాశనం.
ఇవాళ ఒవాడియా చేత బూర ఊదించి చూస్తారని తెలిసింది. ముందే వెళ్ళి ఒక్క ఉడికిన శనగగింజ అందులో దూర్చాను. అది ఆశ కాదు, సరదా.
వాడు ఊదాడు. ముఖం బీట్‌రూట్! ఇంకా ఊదాడు. టప్! గింజ పోయి రబ్బీ గడ్డంలో!
రబ్బీ దాన్ని తీసి చూశారు. "ఎంత నేర్పు! చేసినవాడు పేరు కూడా కోరుకోలేదు. బూర ఇలాంటివాడికే ఇవ్వాలి."
"నేనే రబ్బీ!" బల్లెక్కి మరీ అరిచాను.
"నువ్వేనని తెలుసు శెమాయా. నోరు మూసుకుంటావేమోనని చూశాను."
మందిరమంతా ఒకటే నవ్వు. బూర ఒవాడియాకి.

శుక్రవారం, పొద్దు వాలుతోంది.
ఒవాడియా దొడ్డిగుమ్మం దగ్గరికొచ్చాడు. "అన్నా, శనగగింజ లేకపోయినా నాకు రావట్లేదు. నేర్పవా? నువ్వు నేర్పావని ఎవరికీ చెప్పను."
"ఆ చెప్పకపోవడమేరా నా ఏడుపు!"
అయినా పెదవులెలా బిగించాలో చూపించాను. వాడి దగ్గర చేపల కంపు! ఊదగా ఊదగా, ఉన్నట్టుండి బూర పసిబిడ్డలా ఏడ్చింది. నా ఒళ్ళు జలదరించింది. ఊదింది ఎవరో కూడా మర్చిపోయాను. ఒక్క క్షణం, నిజంగా, నాకేమీ వద్దనిపించింది!
పరుగెత్తి వెళ్ళి జోహరాకి చెప్పాను.
"చెప్పేశావుగా, అయిపోయింది!" అంటూ కొవ్వొత్తులు సర్దింది.
సూర్యాస్తమయమైతే రాయకూడదు. అప్పటినుంచి రేపు సాయంత్రం దాకా విశ్రాంతి దినం. ఆదివారం నుంచి మళ్ళీ మొదలు. ఈసారి ఏం జరిగినా జోహరాకి కూడా చెప్పను.
ఈ సంగతి ఆవిడకి ఇప్పుడే చెప్పాలి!