వంట: శివమ్మ, ఖర్చు లేదు

తార్నాక,
మంగళవారం.

ప్రియమైన శామ్యూల్,

"ప్రియమైన" అన్నది అలవాటుకొద్దీ పడింది. కొట్టేస్తే కాగితం పాడవుతుందని వదిలేశాను, అంతకుమించి అందులో ఏమీ వెతుక్కోకు. ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేమిటని నవ్వుతావేమో. ఎదురుగా చెబితే మధ్యలో అందుకుని అరుస్తావు. వాట్సాప్‌లో పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటావు. అందుకే నీ టిఫిన్ సంచిలో పెడుతున్నాను. యూనివర్సిటీ లైబ్రరీలో ఒంటిగంట దాటాక నీ కౌంటరు దగ్గర ఎవరూ ఉండరు కదా, అప్పుడు చదువు.

మన పెళ్ళికి పాతికేళ్ళు నిండుతున్నాయి, చర్చి హాల్లో కృతజ్ఞతా కూడిక పెట్టి ఎనభై మందికి భోజనం పెడదాం అన్నప్పుడు నేను కాదనలేదు. నలభై వేలు దాటకూడదన్నావు, దానికీ సరే అన్నాను. కేకు హబ్సిగూడ బేకరీలో వద్దు, మా చెల్లి ప్రవళిక చేత చేయిస్తానన్నాను. దండలు నేనే కడతానన్నాను. కొత్త చీర వద్దన్నాను. నువ్వు మాత్రం సూటు కుట్టించుకుంటున్నావు, అదీ ఆ నలభై వేలలోనే. సరే, అదీ వదిలేశాను. నిన్న ఫ్రిజ్ మీద నువ్వు అంటించిన లిస్టు చూశాను. హాలు అద్దె, మైకు, కుర్చీలు, బియ్యం, చికెన్. వాటి కింద నీ గుండ్రటి అక్షరాలతో, "వంట: శివమ్మ అత్తమ్మ. ఖర్చు లేదు."

సిగ్గుందా నీకు?

మా అమ్మకు డెబ్బై ఒకటి. లేడీస్ హాస్టల్ మెస్సులో ముప్పై ఏళ్ళు వండి, మోకాళ్ళు అరగదీసుకుని రిటైరైన మనిషి. మన పెళ్ళిరోజున ఏం జరిగిందో నీకు గుర్తు లేకపోవచ్చు, నాకుంది. లోపల నువ్వు నా మెడలో పుస్తె కడుతుంటే మా అమ్మ చర్చి వెనక రేకుల షెడ్డులో మూడు వందల మందికి వండుతోంది. కన్నతల్లి నా పెళ్ళి చూడలేదు. మైకులో పాటలు విన్నదంతే. ఎందుకిలా చేశారని అడిగితే మీ అమ్మ ఏమన్నది? "మీ అమ్మ చేతిల పనే గదా బిడ్డా, వంటోళ్ళకు పైసలు దండుగ అనుకున్నం" అన్నది. ఆమె ఇప్పుడు లేదు, ఆమెను ఏమీ అనను. నిన్ను అంటాను. పక్కనే ఉన్నావు నువ్వు. తల వంచుకున్నావు. ఆల్బమ్‌లో నూట పన్నెండు ఫోటోలుంటే ఒక్కదానిలో కూడా మా అమ్మ లేదు. ఆ ఆల్బమ్ నేను ఎందుకు తెరవనో ఇన్నేళ్ళలో నువ్వొకసారైనా అడగలేదు. ఊరికే గొడవ పెట్టుకుంటానని మీ అన్నకు చెప్పుకుంటావు కదా, ఆ గొడవల్లో సగం దీని గురించే.

ఇప్పుడు విను. దేవుడు తమ కాపురాన్ని ఎలా కాచాడో భార్యాభర్తలు లేచి అందరి ముందూ సాక్ష్యం చెప్పడం మన సంఘంలో ఆనవాయితీ. పాస్టరు అయ్యగారు నాకు పది నిమిషాలిచ్చారు. ఆ పది నిమిషాలూ నేను ఇదే చెబుతాను, ఎనభై మంది ముందు, నీ కొత్త సూటు ముందు. చెప్పి హాల్లోంచి లేచి వెళ్ళి మా అమ్మ పక్కన పొయ్యి దగ్గర కూర్చుంటాను. కేకు నువ్వొక్కడివే కోసుకో.

అమల


లైబ్రరీ,
బుధవారం మధ్యాహ్నం.

అమలకు,

చదివాను. రెండుసార్లు. అన్నం తినబుద్ధి కాలేదు, డబ్బా అలాగే తెస్తున్నాను, కావాలంటే దాని మీద ఇంకో ఉత్తరం రాయి.

సూటు సంగతి ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను. ఆ లిస్టులో ఆ మాట నా తెలివి కాదు, మీ అమ్మ రాయించింది. పిలవడానికి లాలాపేట్ వెళితే "వండేదుంటే వస్త, లేకుంటే రాను" అని మొహం మీదే చెప్పింది. రెండు గంటలు బతిమాలాను. మీ అమ్మ సంగతి నీకు తెలియనిది కాదు. వండడానికైనా వస్తుంది కదా అని రాసుకున్నాను.

పాతికేళ్ళుగా ఈ ఒక్క విషయం కడుపులో పెట్టుకుని నన్ను ఎన్ని రకాలుగా సాధించావో నాకు తెలుసు. కూరలో ఉప్పు తక్కువైందన్న పాపానికి మూడు రోజులు మాట మానేశావు. "వండేవాళ్ళ విలువ మీ ఇంటికి తెలుసా" అని మా అన్న ముందే అన్నావు. పడ్డాను. ఎందుకు పడుతున్నానో నువ్వు కూడా ఒకసారైనా అడగలేదు.

ఒక సంగతి చెప్పనని ఒకరికి మాటిచ్చాను. చెప్పను. కానీ నీ ఉత్తరం చూపించనని ఎవరికీ మాటివ్వలేదు. డ్యూటీ దిగగానే లాలాపేట్ వెళ్ళి దీన్ని మీ అమ్మ చేతిలో పెడుతున్నాను. సాక్ష్యం చెబితే నిజం తెలుసుకుని చెప్పు, లేదా నోరు మూసుకుని కూర్చో.

శామ్యూల్


లాలాపేట్,
గురువారం.

బిడ్డా అమలా,

మీ అమ్మ రాసేది. ఫోన్ల నాకు సరిగ ఇనబడది, నువ్వు ఏడ్సుడు షురూ చేస్తే అసలే సమజ్ కాదు. అందుకే రాస్తున్న. హాస్టల్ వార్డెన్ మేడం నేర్పిన అక్షరాలు, తప్పులుంటే సదురుకో.

నా తరఫున కొట్లాడుమని నీకు ఎవరు చెప్పిండ్రు? నేను చెప్పిన్నా? మీ అత్త అన్న మాట అబద్ధం. గట్ల అనుమని నేనే చెప్పిన. నీ పెండ్లి నేను చూడకపోయింది పైసల కోసం కాదు. చూడబుద్ధి కాలే. కోపం. శామ్యూలు చర్చికి పోయేటోడని కాదు, మెస్సుల నాతోని పక్క పొయ్యి మీద వండేటోళ్ళు సగం మంది గా చర్చోళ్ళే. నువ్వు నన్ను అడగలే. అయ్య లేని పిల్లలని ఇద్దరిని గంటె తిప్పి సదివించిన. ఒకనాడు నేను వడ్డిస్తుంటే లైన్ల వచ్చి కార్డు చేతిల పెట్టినవు. తారీఖు, టైము, చర్చి, అన్నీ అచ్చయి ఉన్నయి. కింద నా పేరు గూడ ఉన్నది. సుట్టూత ఆడపిల్లలు ప్లేట్లు పట్టుకొని నిలబడ్డరు. అందరికి ఇచ్చినట్టే నాకు గూడ ఒకటి ఇచ్చి పోయినవు.

నేను ఏమన్లే. పెండ్లినాడు మాత్రం లోపటికి రాను, వండుత అన్న. నా బిడ్డ పెండ్లిల ఎవ్వరు ఆకలితోని పోవద్దు, గంతే. పుస్తె కట్టినంక శామ్యూలు షెడ్డుకాడికి ఉరికొచ్చిండు. కొత్త బట్టలకు మసి అంటుతున్నా సూడకుండ నా కాళ్ళు పట్టుకున్నడు, "ఒక్కసారి వచ్చి దీవించిపో అత్తమ్మా" అన్నడు. పో అన్న. నేను కోపంతోని రాలేదని తెలిస్తే పెండ్లినాడు ఏడుస్తది, పైసల కోసమని మీ అమ్మతోని చెప్పించు అన్న. ఒట్టు పెట్టించుకున్న. గా పిల్లగాడు పాతికేండ్లు గా మాట మోసిండు. మంచోడని నేనంటలే. పిసినారి. ఆడదానికి చీర లేదుగని ఆయనకు సూటట. కని గీ తప్పు ఆయనది కాదు. నలుగురిల నిలబడి ఆయన మీద గిట్ల చెప్పినవో, మల్ల నా గడప తొక్కకు.

నేను పెండ్లి చూడలేదని పాతికేండ్లు బాధపడ్డవు. అమ్మను ఒక్కమాట అడగలేదని ఒక్కనాడన్న బాధపడ్డవా? ఇప్పుడు గూడ గంతే. తారీఖు పెట్టుకున్నరు, హాలు మాట్లాడుకున్నరు, అన్నీ అయినంక అల్లుడొచ్చి పిలిసిండు. నువ్వు రానే రాలే. అందుకే మల్ల వండుతనన్న.

మీ అమ్మ
శివమ్మ


తార్నాక,
శుక్రవారం.

అమ్మా,

నీ ఉత్తరం శామ్యూల్ తెచ్చి ఇచ్చాడు. ఇచ్చి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. తప్పయింది అనడానికి నాకింకా నోరు రావడం లేదు. ఇన్నేళ్ళు ఉలకకుండా పలకకుండా నా చేత తిట్టించుకున్నందుకు అతని మీద కోపంగానే ఉంది. నీ మీద కూడా ఉంది. నా మీద నాకు ఎంత ఉందో రాయలేను. నువ్వు చెప్పిన ఆ మెస్సు లైను నాకు బాగా గుర్తుంది అమ్మా. అంతమంది మధ్య ఇస్తే నువ్వు ఏమీ అనలేవనే ఆ వేళకు వచ్చాను.

హాలు వద్దని పొద్దున చర్చికి ఫోన్ చేసి చెప్పాను. అడ్వాన్సు తిరిగి రాదట, రాకపోతే పోనీ. ఇప్పుడు తారీఖు లేదు, ఎవరినీ పిలవలేదు. ఆదివారం మేమిద్దరం లాలాపేట్ వస్తున్నాం. నిన్ను పిలవడానికి కాదు, అడగడానికి.

అమ్మా, నేను శామ్యూల్‌ను పెళ్ళి చేసుకోవచ్చా? కాదంటే కాదని నా మొహం మీదే చెప్పు, వింటాను.

నీ బిడ్డ
అమల