నీ పేరున వచ్చిన కవరు

సోమవారం, ఉదయం

చిరంజీవి చెల్లికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. మీ బావ మోకాలు నొప్పి అలాగే ఉంది గానీ నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. కంట్లో చుక్కలు వేళకి వేసుకుంటున్నావా? లేదని తెలిసిందో, వచ్చి మరీ తిడతాను.

నిన్న ఉన్నట్టుండి బస్సెక్కి వచ్చేశానని నీకు ఒళ్ళు మండి ఉంటుంది. మండక ఏం చేస్తుంది! నువ్వింత చిక్కులో ఉంటే మీ బావ మోకాలు ఒక వంక నాకు. ఎదురుగా ఉంటే నోరు పెగలడం లేదే, అందుకే ఉత్తరం.

బుధవారం కోర్టు అమీనా కాగితం పట్టుకుని వచ్చాడు కదా. పదహారేళ్ళుగా కుట్టుమిషన్లు బాగుచేస్తున్న షాపు ఖాళీ చేయాలట! షాపు ఓనరు, అదే మనం తాళాలగుత్తి అని పిలుచుకునేవాడు, కేసు వేశాడట. పిలిచినా నువ్వు రాలేదని కోర్టువాళ్ళు ఏకపక్షంగా తీర్పు ఇచ్చేశారట. అమీనా కాగితం చదువుతుంటే నువ్వు చేతిలో స్క్రూడ్రైవరు అలాగే పట్టుకుని నిలబడిపోయావు. విప్పిన మిషను విప్పినట్టే ఉండిపోయింది. ఆ షాపు పోతే నీకు ఇంకేముందే?

శనివారం లాయరు గారు చెప్పింది మరోసారి రాస్తున్నాను, కంగారులో నువ్వు సగం వినలేదు. సమన్లు నీ చేతికి అందలేదని రుజువు చేయగలిగితే ఆ తీర్పు రద్దవుతుందట, కేసు మళ్ళీ మొదటి నుంచీ వింటారట. పిటిషను గురువారం వాయిదా. అందులో ఓడిపోతే శుక్రవారం అమీనా తాళంతో వస్తాడు. మధ్యలో ఇంకే దారీ లేదు.

ఆ తర్వాతే కదా ఆయన పోస్టాఫీసు రసీదు కార్డు నకలు బల్ల మీద పెట్టారు. సమన్ల కవరు అందినట్టు దాని మీద నీ సంతకం! నీ చేత తెల్లకాగితం మీద ఐదుసార్లు సంతకం పెట్టించి, పక్కన పెట్టుకుని చూశారు. కింద గీసే తోకతో సహా సరిపోయింది. లాయరు దగ్గర దాచకూడదమ్మా అని మెల్లగానే అన్నారు. ఆ మాటకి నీ మొహం చూడలేకపోయాను. ఇన్నేళ్ళలో నిన్ను అబద్ధాలకోరని అన్నవాడు లేడు. నీది కాదని, ఎవరు పెట్టారో తెలియదని ఏడుస్తూ చెప్పావు. ఇంకెవరైనా పెట్టి ఉంటే అది వేరే నేరమని, వాళ్ళ మీద కేసు పడుతుందని ఆయన అన్నారు. నేను నీ పక్కనే కూర్చుని నీళ్ళ సీసా మూత తిప్పుతూ ఉన్నాను.

గురువారం పది గంటలకల్లా కోర్టులో ఉండు. ఏదైనా తిని వెళ్ళు, ఖాళీ కడుపుతో నిలబడి కళ్ళు తిరిగి పడిపోకు.

ఉంటాను.
నీ అక్క

తా.క. పైన రాద్దామని మూడుసార్లు మొదలుపెట్టి మూడు కాగితాలు చింపాను. ఆ సంతకం నాదే.

మేము ఈ ఊరు మారకముందు, నువ్వు ఇళ్ళకి మిషన్లు చూడ్డానికి వెళ్తే స్పేరు పార్టుల పార్సిళ్ళకి నీ పేరుతో నేను పెట్టేదాన్ని చూడు, అదే సంతకం. నువ్వే దగ్గరుండి నేర్పావు. మూడు నెలల కిందట సూదిముక్క ఎగిరి నీ కంట్లో పడిందని వచ్చి నీ దగ్గరే ఉండిపోయాను కదా. ఆపరేషనైన మూడో రోజు వచ్చింది ఆ కవరు. దెబ్బ తగిలిన కన్ను కదలకూడదని నీ రెండు కళ్ళకీ కట్లు. కార్డు మీది తేదీ ఆసుపత్రి కాగితంతో సరిచూడమని లాయరు గారికి చెప్పు.

ఆ రోజు వచ్చినవన్నీ నీకు చదివి వినిపించాను, ఇదొక్కటి తప్ప. ఇంకేమైనా ఉన్నాయా అక్కా అని అడిగావు. లేవన్నాను. సాయంత్రం తాళాలగుత్తి ఇంటికి వెళ్ళి నిలదీశాను. ఏదో కోపంలో వేశానని, వెనక్కి తీసుకుంటానని, కళ్ళు బాగాలేని మనిషికి చెప్పి కంగారు పెట్టొద్దని వాళ్ళావిడ ఎదుటే అన్నాడు. నమ్మాను. నాకంటే బుద్ధిలేనిది ఉంటుందా? కవరు నా దగ్గరే ఉంది, తెస్తాను.

నీకు అక్కడే అర్థమైంది. లాయరు గారి గదిలో ఒక్కసారి నా వైపు చూసి తల తిప్పేసుకున్నావు. షాపు పోయినా పరవాలేదు గానీ నా పేరు ఎత్తకూడదనుకున్నావు, అవునా? ఎవరు చెయ్యమన్నారే నిన్ను ఆ త్యాగం?

గురువారం నేను బోనెక్కి జరిగింది జరిగినట్టు చెబుతాను. కేసు పెడితే పెట్టనీ. మీ బావకి చెప్పేశాను, ఆ మోకాలితోనే తనూ వస్తానన్నాడు. నాకు భయంగానే ఉంది.

ఈ ఉత్తరం లాయరు గారికి ఇచ్చెయ్యి. నీ సంగతి నాకు తెలుసు, చింపేస్తావు. చింపినా లాభం లేదు. ఇదే ఉత్తరం ఇంకొకటి రాసి ఆయనకి రిజిస్టరు పోస్టులో పంపించాను. దాని కింద నా పేరుతోనే సంతకం పెట్టాను.