మామయ్య ఇంగ్లీషు పాఠం

అత్తయ్యకు మీ కోడలి నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. కాన్పు తర్వాత వదిన నీరసం తగ్గిందని, చంటిది పాలు బాగా తాగుతోందని మీ ఉత్తరంలో చదివి మనసు కుదుటపడింది.

వంటింటి కుళాయి సంగతి అడిగారు. మామయ్య వాషరు మార్చారు, ఇప్పుడు చుక్క కారడం లేదు. ఇన్నేళ్లు బస్సులు బాగుచేసిన చేతికి కుళాయి ఒక లెక్కా అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నారు. మీ అబ్బాయి తన బట్టలు తనే ఇస్త్రీ చేసుకుంటున్నారు, నమ్మండి.

పగలు పనులకు వెళ్లేవాళ్లకు సాయంత్రం నేను చెప్పే ఇంగ్లీషు క్లాసు ఇప్పుడు మన హాల్లోనే. ఆ వేళ టీవీ ఎలాగూ పెట్టనివ్వనని మామయ్య కూడా చేరిపోయారు. మొన్న పోల్చి చెప్పడం నేర్పాను. ఎక్కువైన వస్తువులు ఎన్ని ఉన్నా ముందు ఒక్క 'మోర్' పెట్టి, అన్నీ వరసగా చెప్పి, చివర దేనికంటే ఎక్కువో చెబితే సరిపోతుంది. టైలరు లేచి, తన కొట్లోకంటే ఎదురు కొట్లో ఎక్కువ గుండీలు, జిప్పులు, కబుర్లు ఉన్నాయన్నాడు. బేకరీ ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

తర్వాత మామయ్య వంతు. చేతులు కట్టుకుని నిలబడి, తడుముకుంటూ ఇంగ్లీషులోనే చెప్పారు. మీరు ఇక్కడ ఉన్నప్పటికంటే ఇప్పుడు ఈ ఇంట్లో ఎక్కువ దుమ్ము, ఎక్కువ చోటు, ఎక్కువ నిశ్శబ్దం ఉన్నాయట. మూడింటికీ మూడు 'మోర్'లు పెట్టారు.

"ఒక్కటి చాలు మామయ్యా" అన్నాను.

"చాలదమ్మా. దేనికదే ఎక్కువైపోయింది" అన్నారు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. దుమ్ము మాటకు నేనూ నొచ్చుకోలేదు, అది నిజమే.

చంటిది నడిచేదాకా అక్కడే ఉంటాను, మీ మామయ్య ఏమీ అనుకోరుగా అని రాశారు. ఆయన్ని అడిగితే, "నాకేం, రాయిలా ఉన్నాను. ఉండమని రాసెయ్" అన్నారు. అలాగే రాద్దామని కూర్చున్నాను కానీ చేతులు రాలేదు అత్తయ్యా. భోజనమయ్యాక కూడా మీ కుర్చీ వైపు చూస్తూ లేవరు. ఫోనులోనేమో మీరిద్దరూ బాగున్నానంటే బాగున్నాననుకుని పెట్టేస్తారు. వదినకు తోడు కావాలని తెలుసు. క్లాసుకు సెలవిచ్చి నేను వచ్చి వదిన దగ్గర ఉంటాను, మీరు ఇంటికి రండి.

ఇంతవరకూ రాసి మామయ్యకు చదివి వినిపించాను. ఇవన్నీ ఎవరు రాయమన్నారని కోప్పడతారనుకున్నాను. చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. ఇప్పుడు చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి, "తొందరగా సంతకం పెట్టమ్మా, పోస్టు డబ్బా తీసే వేళయింది" అంటున్నారు.

ఇట్లు,
ఆయన తొందర తట్టుకోలేక ముగిస్తున్న
మీ కోడలు