కుండీలో తెచ్చిన కలుపు

పద్మక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అమెరికాలో మన ఈ క్యారీ ఊరి చలికి లాన్ అంతా ఎండిపోయినా, మా గృహప్రవేశానికి నువ్వు కుండీలో తెచ్చిన అడవి వెల్లుల్లి మాత్రం పచ్చగా ఎక్కడ పడితే అక్కడ లేచింది. "పప్పులో వేసుకోవే, ఎంత కోసినా మళ్ళీ వస్తుంది" అన్నావు. దాన్ని పెరట్లోకి మార్చి, ఖాళీ కుండీ తిరిగివ్వకూడదని, గింజ నాటి పెంచుకున్న నా కరివేపాకు మొక్కను అందులో పెట్టి ఇచ్చాను.

పొద్దున మీ ఆయన వచ్చి లాన్ చూశారు.

"అయ్యో, ఈ కలుపు మీకూ పట్టుకుందా? మీ అక్క మా యార్డ్‌లో దీన్ని తవ్వీ తవ్వీ విసిగిపోయింది. చివరి గడ్డలు ఎవరికో అంటగట్టేశానని ఒకటే నవ్వేది."

ఎవరికో!

తెలిసే ఇచ్చావన్నమాట. పార తీసుకుని మొత్తం తవ్విపోశాను. కిచెన్ కిటికీ కింద ఒక్క గుబురు వదిలేశాను. నీతో పోట్లాడ్డానికి నాకింకేం మిగిలింది?